నీళ్లొచ్చే చోట ఇల్లు కట్టడానికి విరాళం ఇవ్వవచ్చా?



వినాయక చవితి మొదలుకొని కార్తీక దీపాల దాకా బెంటన్‌విల్‌లో మనకు పండుగల సందడి. సరిగ్గా ఈ నెలల్లోనే అక్కడ మన ఊళ్లకు వానలు, వరదలు, తుఫానులు. వరద సహాయం అనగానే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు మనలో లేరు. బియ్యం, దుప్పట్లు, మందులు అంటే ఎవరూ మారు మాట్లాడరు. కాని ఆ దశ దాటి "ఇళ్లు తిరిగి కట్టిద్దాం" అన్న మాట వచ్చేసరికి ఒక ప్రశ్న లేస్తుంది: "మళ్లీ నీళ్లొచ్చే చోటే కదా? ఇదంతా బూడిదలో పోసిన పన్నీరు కాదా?"

ఈ ప్రశ్న అడిగినవారిని రాతిగుండె మనుషులు అనుకోనక్కరలేదు. కష్టపడి సంపాదించిన డబ్బు గురించి అడగవలసిన ప్రశ్నే అది. ఈ పండుగల సంచికలో దానినే పాఠంగా తీసుకుందాం.

బుడమేరు సంగతి

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడను ఆనుకొని పారి, కొల్లేటిలో కలిసే వాగు. దానికి 'బెజవాడ దుఃఖదాయని' అని పేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని ఒక డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. 2024 ఆగస్టు చివర కురిసిన కుండపోత వానకు ఆ కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1న సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. మరునాడు ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. అంటే బుడమేరు నీళ్లు ఏ నదిలోకి పోవాలో ఆ నదే నిండుకుండలా ఉంది. సెప్టెంబర్ 7న వినాయక చవితి. ఆ నాటికి సైన్యం సాయంతో గండ్లు పూడ్చారు గాని, చాలా వీధుల్లో నీళ్లు ఇంకా తీయలేదు.

2005లోనూ ఇదే బుడమేరు ఇదే నగరాన్ని ముంచింది. ఇక ముందు ముంచదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి మన ప్రశ్న ఊహకు అందనిదేమీ కాదు. అక్కడ ఇల్లు బాగుచేయించడానికి మనం డబ్బిస్తే, ఆ ఇంట్లోకి మళ్లీ నీళ్లు రావచ్చు.

శాస్త్రం ఏమంటుంది?

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో 20 నుంచి 22 వరకు ఉన్న శ్లోకాలు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాయి. తిరిగి ఏమీ ఆశించకుండా, ఇవ్వడం ధర్మమని తలచి, తగిన చోట, తగిన వేళ, తగిన పాత్రునికి ఇచ్చేది సాత్త్విక దానం. ప్రతిఫలం కోరి, మనసులో నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసం. చోటూ వేళా చూడకుండా, అపాత్రునికి, మర్యాద లేకుండా, చులకన చేస్తూ ఇచ్చేది తామసం.

ఇందులో మన ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. మొదటిది, దేశ కాల పాత్రాలు చూడడం తప్పు కాదు, అదీ ధర్మంలో భాగమే. రెండవది, ఇచ్చే డబ్బు ఎంత మంచిదైనా "మీకు బుద్ధి లేదా, అక్కడెందుకు ఉన్నారు" అన్న చులకన దానికి తోడైతే ఆ దానం చెడిపోతుంది.

చోటు చూసి ఇవ్వాలన్నది మన పెద్దలు మాటల్లోనే వదిలెయ్యలేదు, రాతి మీద చెక్కించారు. తటాకం, దేవాలయం, వనం వంటివి మనకు సప్తసంతానాలు. కన్నబిడ్డతో సమానంగా పేరు నిలబెట్టే పుణ్యకార్యాలు అవి. కడప జిల్లా పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఒక పెద్ద చెరువు తవ్వించి, 1369లో శాసనం వేయించాడు. అందులో చెరువు తవ్వించిన పుణ్యంతో పాటు, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువును పాడుచేసే ఆరు దోషాలు కూడా ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. చౌడు నేల ఒక దోషం. నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరొక దోషం. దానం చేసిన రాజే 'ఇలాంటి చోట చేస్తే నిలవదు' అని రాయించాడన్న మాట. చెరువుకు కట్ట ఎంత అవసరమో అలుగూ అంతే అవసరం. ఎక్కువైన నీటికి దారి విడవని చెరువు మొదటి పెద్ద వానకే తెగుతుంది.

దివిసీమ పాఠం

మరి నీళ్లొచ్చే చోట పెట్టిన డబ్బు ఎప్పుడూ వృథాయేనా? దీనికి తెలుగునేల మీదే జవాబు ఉంది.

1977 నవంబర్ 19, కార్తీక మాసం. కృష్ణా జిల్లా దివిసీమ మీదికి అయిదు మీటర్ల ఎత్తున సముద్రం వచ్చిపడింది. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు సుమారు పదివేలు. ఆనాడు రామారావుగారు, నాగేశ్వరరావుగారు వంటి నటులు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారని ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. రామకృష్ణ మిషన్‌తో సహా ఎన్నో సంస్థలు అక్కడ పక్కా ఇళ్లు కట్టించాయి.

మళ్లీ సముద్రం వచ్చే చోటే కదా! అయినా కట్టారు. అయితే పాత గుడిసెల స్థానంలో కొత్త గుడిసెలు వేసి ఊరుకోలేదు. గాలికి ఎగిరిపోని కప్పులున్న ఇళ్లు కట్టారు. తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. హెచ్చరికలు పంపే పద్ధతి, జనాన్ని ముందుగా ఖాళీ చేయించే పద్ధతి మెరుగుపడ్డాయి. 1990 మే 9న మరో భీకర తుఫాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపు. అదీ చిన్న సంఖ్య కాదు, రెండు తుఫానులూ అచ్చంగా ఒకటీ కావు. అయినా పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాలో ఆ షెల్టర్లకు, ఆ హెచ్చరికలకు, ఆ ఇళ్లకు పెట్టిన డబ్బుకు వాటా ఉంది.

భద్రాచలం కూడా చూడండి. 1986 ఆగస్టులో గోదావరి అక్కడ 75.6 అడుగులకు చేరింది. తరువాత కరకట్ట కట్టారు. 2022 జూలైలో నది మళ్లీ 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఊరిలో చాలా భాగాన్ని ఆ కట్టే కాచింది. కాని కట్ట లోపల పడిన వాన నీటిని బయటికి తోడడం మరో సమస్య అయింది. కట్టినదాన్ని ఏటా చూసుకోవాలి, దానికీ ఖర్చు ఉంటుంది.

కాబట్టి "అక్కడ కట్టవచ్చా, కూడదా" అని అడిగితే చాలదు. "ఈసారి కట్టేది వచ్చే వరదకు నష్టాన్ని తగ్గిస్తుందా, లేక ఉన్నదాన్ని ఉన్నట్టు మళ్లీ నీళ్లలో పెడుతుందా" అని అడగాలి.

వాళ్లు అక్కడే ఎందుకున్నారు?

చేపలు పట్టేవారు సముద్రానికి పది మైళ్ల దూరంలో బ్రతకలేరు. గోదావరి లంకల్లో రైతుకు పంట పండేదే వరద తెచ్చిన ఒండ్రు మీద. నగరంలో రోజుకూలి చేసుకునేవాళ్లకు అద్దె అందుబాటులో ఉండేది పల్లపు వీధుల్లోనే. ఆక్రమించి కట్టుకున్నవారు ఉండవచ్చు. ఉన్న సొమ్మంతా పెట్టి స్థలం కొనుక్కున్నవారూ ఉన్నారు.

మన సంగతి కూడా చూసుకుందాం. 2024 మే 26న తెల్లవారకముందే మన బెంటన్ కౌంటీలో డికేటర్ నుంచి రోజర్స్ దాకా టోర్నడోలు ఇళ్లను చితక్కొట్టాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ ఇళ్లు మళ్లీ అదే స్థలాల్లో లేచాయి. "టోర్నడోలు వచ్చే రాష్ట్రంలో ఎందుకున్నారు" అని మనల్ని ఎవరూ నిలదీయలేదు. ఉద్యోగం ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ. ఇంట్లో ఒక గట్టి గది చూసుకొని, సైరన్ మోగితే అందులోకి వెళ్తున్నాం. దివిసీమ షెల్టరు చేసే పనీ అదే.

కొన్నిచోట్ల మాత్రం కదలడమే మేలు. ఇల్లినాయ్‌లో మిసిసిపీ నది పక్కనున్న వాల్మైయర్ అనే చిన్న ఊరు 1993 వరద తరువాత ప్రభుత్వ సహాయంతో దగ్గరలోని గుట్ట మీదికి తరలిపోయింది. అమెరికాలో ఫెడరల్ వరద బీమా పథకంలో ఉన్న ఊళ్లలో మరో నియమం ఉంది. వరద ప్రాంతంలోని ఇల్లు దాని విలువలో సగమో అంతకు మించో దెబ్బతింటే, తిరిగి కట్టేటప్పుడు వరద మట్టానికి తగ్గ ఎత్తులో కట్టాలి. వాగు నడిమధ్య ఉన్న ఇంటికి మళ్లీ అక్కడే శ్లాబు వేయించడం కంటే, ఆ కుటుంబం వేరే చోటికి మారడానికి సాయం చేయడం మంచిది. అయితే ఆ చోటు పనికి వెళ్లిరాగలిగిన దూరంలో ఉండాలి.

రెండు విరాళాలు, రెండు పద్ధతులు

వైద్యులమైన మాకు ఇది రోజూ ఎదురయ్యే విషయమే. గుండెపోటుతో వచ్చిన మనిషిని "సిగరెట్లు ఎందుకు కాల్చావు" అని గుమ్మంలో నిలబెట్టి అడగం. ముందు ప్రాణం నిలబెడతాం. కాని ఇంటికి పంపే రోజున ఆ సంగతి మాట్లాడకుండా పంపితే వైద్యం సగమే అయినట్టు.

వరదకూ అంతే. మొదటి వారాల్లో ఇచ్చేదానికి ప్రశ్నలు వద్దు. అప్పుడు కావలసింది మంచినీళ్లు, అన్నం, విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు, ఎలుక జ్వరానికీ పాముకాటుకూ వైద్యం. షుగరు, బీపీ ఉన్నవాళ్ల మాత్రలు, ఇన్సులిన్ నీళ్లలో కొట్టుకుపోతాయి. వాటి గురించి చాలామందికి తోచదు.

తరువాత ఇచ్చేది పునర్నిర్మాణానికి. అక్కడ ప్రశ్నలు అడగడం మన బాధ్యత. ఇంకొక మాట. నగరాల్లో మునిగినవారిలో చాలామంది అద్దెకు ఉండేవాళ్లు. ఇల్లు బాగుచేస్తే ఇంటి యజమానికి మేలు. కుట్టుమిషను, ఆటో, తోపుడుబండి పోయిన కుటుంబానికి దానివల్ల బతుకుతెరువు తిరిగి రాదు. విజయవాడలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 2024లో ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది. పనిముట్లు, ఫ్రిజ్జు, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన ఇంటికి అది ఎంతవరకు వస్తుందో మీరే లెక్క వేయండి. పునర్నిర్మాణం అంటే బ్రతుకును మళ్లీ నిలబెట్టడం కూడా.

చెక్కు రాసే ముందు అడగవలసినవి

1. ఇల్లు ఎంత ఎత్తులో కడుతున్నారు? ఇంతకు ముందు వచ్చిన అతి పెద్ద వరద గుర్తు కంటే అరుగు పైన ఉందా? మేడ మీదికి ఎక్కడానికి మెట్లున్నాయా? మరుగుదొడ్డి, బోరుపంపు, కరెంటు మీటరు కూడా ఎత్తులో పెడుతున్నారా?

2. స్థలం ఎవరిది? పట్టా ఆ కుటుంబం పేరున, వీలైతే ఇంటి ఇల్లాలి పేరున ఉందా? రేపు వాగు వెడల్పు చేసేటప్పుడు పడగొట్టే చోటా?

3. ఊరివాళ్లను అడిగారా? నీళ్లు ఏ దారిన వస్తాయో, ఎంతసేపు నిలుస్తాయో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

4. అందరికీ పనికివచ్చేది ఏమైనా ఉందా? మామూలు రోజుల్లో బడిగానో సమావేశ మందిరంగానో నడిచి, తుఫాను రోజున ఊరంతా తలదాచుకునే భవనం ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది. రోజూ వాడేది పాడుపడదు కూడా.

5. అయిదేళ్ల తరువాత దాని బాగోగులు ఎవరు చూస్తారు?

6. డబ్బు ఏ దారిన వెళుతుంది? విదేశీ విరాళం తీసుకునే భారతీయ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. అందుకున్న సంస్థ దానిని వేరే సంస్థకు మళ్లించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది విదేశీ విరాళమే. భారత పౌరులుగా ఉన్నవారు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఇక్కడ పన్ను మినహాయింపు కావాలంటే 501(సి)(3) గుర్తింపు ఉన్న అమెరికా సంస్థ ద్వారా ఇవ్వాలి. మీ కంపెనీ మీ విరాళానికి జతగా ఏమైనా ఇస్తుందేమో కూడా కనుక్కోండి.

ఈ ప్రశ్నలకు నిదానంగా, ఓపికగా జవాబు చెప్పే సంస్థ దొరికితే, అది నీళ్లొచ్చే ఊరైనా సరే, సంకోచించకుండా ఇవ్వండి. జవాబు దొరకకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోమని కాదు. అదే ఊరి పిల్లల చదువుకో, పోయిన పనిముట్లకో, వైద్యానికో ఇవ్వండి. చోటు నచ్చలేదన్న కారణంతో మనుషులను వదిలెయ్యకూడదు.

ఇంట్లో పిల్లలతో మాట్లాడడానికి

గీత చెప్పిన మూడు రకాల దానాలకు మీకు తెలిసిన ఒక్కో ఉదాహరణ చెప్పండి. మన ఇంట్లో టోర్నడో వస్తే ఎక్కడ దాక్కుంటాం? దివిసీమలో పిల్లలు ఎక్కడ దాక్కుంటారు? మీ అమ్మమ్మ, తాతయ్యల ఊరికి ఎప్పుడైనా వరద వచ్చిందా? ఈ ఆదివారం ఫోనులో అడిగి, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో, ఊరివాళ్లు అప్పుడు ఏం చేశారో తెలుసుకొని బాలవిహార్ తరగతిలో చెప్పండి.

శుభం భూయాత్.