కుప్ప అడుగు పత్తి

కృష్ణగిరి పల్లెలనుండి గాని, ఎమ్మిగనూరు, ఆదోని కళాశాలలనుండి గాని చదువు ముగించి ఉద్యోగమునకై బయలుదేరు యువకులు తఱచుగా వేయు ప్రశ్న యొకటి కలదు: “నిజాయితీగా ఉంటే ఈ కాలంలో బతకనిస్తారా సార్?” ఒక నీతిపద్యము చదివి వారిని పంపివేయుట సులభమే గాని, గది అద్దెకును మెస్సు బిల్లునకును పద్యము చెల్లదు గనుక, సమాధానమును ఆదోని మార్కెట్ యార్డులోనే వెదకుదము.

పత్తి కాలమున అచ్చట కొనుగోలుదారు చేయు పనిని దగ్గఱ నిలిచి చూడుడు. అతడు కుప్ప పైభాగమును చూచి ధర పలుకడు. మోచేతివఱకు చేయి లోనికి దూర్చి, అడుగునుండి పిడికెడు పత్తి తీసి, పిండి చూచి, బొటనవ్రేళ్ల నడుమ పింజను లాగి దాని పొడవు చూచి, అటుపిమ్మటనే నోరు విప్పును. మద్దతు ధరకు కొను ప్రభుత్వ పత్తి సంస్థ (సీసీఐ) వారు తేమ 8 శాతము మించనిచో పూర్తి ధర నిచ్చి, 12 శాతమువఱకు ధర తగ్గించి, అదియు దాటినచో సరుకును త్రిప్పి పంపుదురు. బరువుకొఱకు నీళ్లు చల్లినవాడు ఒక్కడే యైనను, వాని మూలమున పుట్టిన అనుమానము, ఎండిన పత్తి తెచ్చిన రైతు ధరను సైతము క్రిందికి లాగును.

ఈ సంగతినే అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసమున, పాత కార్ల బేరమును ఉదాహరణముగా గైకొని, శాస్త్రరీతిని వివరించెను. ఇట్టి పరిశోధనకే 2001లో నోబెల్ బహుమానమును మఱి యిద్దఱితో పంచుకొనెను. సరుకు గుణము అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియనిచోట, కొనువాడు సగటు ధరయే పలుకును. అది గిట్టక మంచి సరుకు గలవాడు సంత విడిచిపోవును. బజారు బియ్యములో కావలెనని కలిపిన రాళ్లను ఏఱుకొను భారతదేశపు గృహిణులను గూడ ఆయన ఆ వ్యాసమున తలచుట మనకు గమనింపదగిన విషయము.

ఉద్యోగపు సంతలోను న్యాయ మిదియే. నిజాయితీ కలిగియుండుట మాత్రమున లాభము రాదు. అది యెదుటివానికి గోచరించినపుడే దానికి ధర. గోచరించుటకు కాలము పట్టును. ఆ నడుమ అబద్ధమాడినవాడు మీకంటె ముందు పోవుటయు కద్దు. ఈ మాటను దాచినచో ఈ వ్యాసమే నిజాయితీ తప్పినదగును.

పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరువారికి ఈ కాలగతి క్రొత్తది కాదు. సహకార పద్ధతిలో సంఘము నూలును తూచి యిచ్చును. నేతగాడు బట్ట నేసి తెచ్చును. తరుగు పోను బట్ట బరువు నూలు బరువుతో సరిపోవలయును, పోగుల లెక్క తగ్గరాదు. ఏండ్ల తరబడి పుస్తకములో మచ్చ పడనివాని బట్టను మడత విప్పి చూచు అవసరము క్రమముగా తగ్గిపోవును. మడత విప్పకపోవుటయే నిజాయితీకి దొరకు కూలి.

రెజ్యూమె వ్రాయునపుడు

డబ్బిచ్చి తెచ్చుకొన్న అనుభవపత్రము చూచుటకు ముచ్చటగనే యుండును. కాని పీఎఫ్ కట్టు సంస్థలలో పనిచేసినవాని యూఏఎన్ అను పీఎఫ్ సంఖ్య వెంట ఏ సంస్థలో ఎప్పుడు చేరెనో, ఎప్పుడు మానెనో నమోదై యుండును. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయువారు కుప్ప అడుగున చేయి పెట్టువారే. లేని రెండేండ్ల అనుభవముకంటె, “జిన్నింగు మిల్లులో ఆఱు నెలలు లెక్కలు వ్రాసితిని” అను ఒక్క నిజమైన పంక్తి మేలు. దానిపై ఎన్ని ప్రశ్నలు వేసినను మీయొద్ద సమాధానముండును.

ఇంటర్వ్యూలో

“తెలియదు” అని యూరకొనుట సగము నిజాయితీయే. “ఇంతవఱకు తెలియును, మిగిలినదానిని ఈ విధముగా తెలిసికొందును” అనుట సంపూర్ణము. పని రానివాని సత్యసంధతకు జీతమిచ్చువారు లేరు గనుక, నేర్పును వెంట నుండవలయును.

ఉద్యోగములో

తప్పు దొర్లినచో, పైవారు కనుగొనకముందే, దిద్దు మార్గముతో సహా మీరే చెప్పుడు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తప్పుడు లెక్కలను ఒప్పుకొనుచు వ్రాసిన లేఖ చదివినవారికి, లాభపు లెక్కలలో స్వల్పముగా మొదలైన తేడా ఏటేట పెరిగి అదుపు తప్పిన వైనము తెలిసియే యుండును. తప్పుడు లెక్కపై సంతకము చేయుమని పైవారు నోటిమాటగా చెప్పినపుడు, వినయముగానే “ఒక్క ఈమెయిలు పంపుడు, సార్” అని యడుగుడు. వ్రాతలో పెట్టుటకు జంకి వెనుదీయువారు పెక్కుమంది.

అట్లు వెనుదీయనివారును కలరు. అప్పుడు “కాదు” అనవలసి వచ్చును; ఆ మాట అనుటకు గుండె నిబ్బర మొక్కటియే చాలదు. బ్యాంకు ఖాతాలో మూడు నెలల తిండి, అద్దె ఖర్చులు నిలువయున్నవాడు ఆ మాటను నెమ్మదిగా అనగలడు; రేపటి అద్దెకు తడుముకొనువాడు ఎంత మంచివాడైనను సంతకము పెట్టును. కావున మొదటి జీతము చేతికి వచ్చిన దినముననే ఆ సొమ్ములో మొదటి భాగమును వేఱు తీసి యుంచుడు.