కారు ఇంజను పడవకు పనికివచ్చునా?

లంక గ్రామముల రైతులకు పడవయే బండి. అరటిగెలలు, కొబ్బరికాయలు, కూరగాయలు, ఎరువుల బస్తాలు, బడికి పోవు పిల్లలు - అన్నియు, అందరును ఆ పడవమీదనే గోదావరి దాటవలెను. కావున పాత కారునుండియో జీపునుండియో తీసిన డీజిలు ఇంజను చౌకగా దొరికినప్పుడు, దానిని పడవకు బిగించుకొనవలెనని రైతుకు తోచుట సహజము.

గడచిన వర్షాకాలమున నేనొక లంకకు పోయినప్పుడు అట్టి పడవను చూచితిని. అరటిగెలలతో బయలుదేరిన ఆ పడవ ఇంజను నడి ఏటిలో బిగిసిపోయినదట. పడవ వరదలో కొట్టుకొనిపోయి దిగువనున్న ఇసుకదిబ్బకు తగిలి ఒరిగినది. నలుగురి ప్రాణములు దక్కినవి గాని గెలలన్నియు నీటిపాలైనవి. “కారులో రోజంతా తిరిగినా వేడెక్కని ఇంజనండీ! నీళ్ళమధ్యనుండి ఎలా మాడిపోయిందండీ?” అని ఆ రైతు నన్ను అడిగినారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసము.

బండికిని పడవకును భేదము

కారు చదునైన రోడ్డుమీద పోవునప్పుడు ఇంజను శక్తిలో కొద్దిభాగమే ఖర్చగును. పల్లము వచ్చిన చోట ఇంజనుకు విశ్రాంతి దొరకును. పడవకు పల్లము లేదు. నీటిని తోసికొని పోవు పడవ ఎల్లప్పుడును మెరక ఎక్కుచున్న బండివంటిది. రేవు విడిచినది మొదలు ఆవలి రేవు చేరువరకు ఇంజను ఒకే బరువు లాగుచుండును. పైగా కారులో రేడియేటరుకు ఎదురుగాలి తగులును. పడవ అడుగున మూసియున్న ఇంజనుకు ఆ గాలి లేదు. కావున కారు ఇంజను పడవలో పనిచేయవలెనన్న, ముందుగా దాని వేడికి దారి చూపవలెను.

ఎంత ఇంజను కావలెను?

పెద్ద ఇంజను పెట్టిన పడవ వేగముగా పోవునని అనుకొనరాదు. బరువులు మోయు పడవ వేగము దాని పొడవునుబట్టి ఉండును. నీటిమట్టమువద్ద 25 అడుగుల పొడవుగల పడవ నిలుకడ నీటిలో గంటకు సుమారు 12 కిలోమీటర్లు పోగలదు. 36 అడుగులదైన సుమారు 15 కిలోమీటర్లు పోవును. అంతకుమించి ఎంత శక్తి పెట్టినను అది పెద్ద అలలను లేపుటకే ఖర్చగును. నూనె దండుగ.

అంబాసిడరు కారు డీజిలు ఇంజను ఇందుకు మంచి ఉదాహరణము. 1,489 ఘన సెంటీమీటర్ల ఈ ఇంజను సుమారు 37 అశ్వశక్తి గలది. ఇంగ్లండులోని బి.ఎం.సి. కంపెనీ రూపొందించినది. ఇదే నమూనా ఇంజనును మార్పులు చేసి ఇంగ్లండు కాలువలలో తిరుగు ఇనుప పడవలలో విరివిగా వాడినారు. కనుక కారు ఇంజను పడవకు పనికివచ్చునన్న మాట నిజమే. అయితే “మార్పులు చేసి” అన్న మాటలోనే కిటుకంతయు ఉన్నది.

ఇంజనును చల్లబరచుట

నేను చూచిన పడవలో మేస్త్రీ రేడియేటరు తీసివేసి, ఏటి నీటిని పంపుతో నేరుగా ఇంజనులోనికి పంపినాడు. వేసవిలో అది బాగుగనే నడచినది. వరద ఎర్రనీరు వచ్చిన తరువాత ఒండ్రు ఇంజను లోపలి సన్నని నీటిదారులలో పేరుకొన్నది. నీరు తిరుగుట ఆగినది, ఇంజను బిగిసినది.

కావున ఏటి నీటిని ఇంజనులోనికి రానీయవద్దు. ఇనుప పడవ అయినచో, దాని ప్రక్కరేకునకు లోపలివైపు ఒకటిన్నర అంగుళముల మందముగల పలుచని తొట్టిని వెల్డింగు చేయించవలెను. ఇంజనులోని వేడినీరు ఈ తొట్టిలో తిరిగి, రేకు ఆవలనున్న ఏటి నీటికి తన వేడినిచ్చి, చల్లబడి మరల ఇంజనుకు చేరును. ఇంజనులో తిరుగు నీరు వేరు, ఏటి నీరు వేరు. ఒండ్రు బెడద ఉండదు. కొయ్యపడవ అయినచో అడుగుదూలము వెంబడి బయట గొట్టములు అమర్చి అదే పని చేయవచ్చును.

తొట్టి కొలత ఇట్లు లెక్కింపవలెను. అశ్వశక్తిని నాలుగుచే భాగించిన ఎన్ని వచ్చునో అన్ని చదరపు అడుగుల రేకు ఏటి నీటికి తగులుచుండవలెను. 37 అశ్వశక్తికి ఇది తొమ్మిదింబావు చదరపు అడుగులు. ఇది ఇంగ్లండు చల్లని కాలువల లెక్క. మన ఏటి నీరు వెచ్చనిది గనుక సగము అదనముగా, అనగా 14 చదరపు అడుగులు ఉంచుట క్షేమము. పడవ ఖాళీగా తేలినప్పుడు కూడ ఈ భాగమంతయు నీటిలోనే మునిగి ఉండవలెను.

తొట్టిలో అడ్డుపలకలు పెట్టి నీరు అంతటను తిరుగునట్లు చేయవలెను. గాలి బుడగలు పోవుటకు పైన ఒక మర ఉంచవలెను. మంచినీటితోపాటు తుప్పును అరికట్టు కూలెంటును కలుపవలెను. ఇంజనులోని థర్మోస్టాటును తీసివేయవద్దు. మరీ చల్లగా నడచిన డీజిలు ఇంజను కూడ త్వరగా అరిగిపోవును.

తోపుడును, గేరుపెట్టెయు

నీటిలో తిరుగు పంకా, అనగా ప్రొపెల్లరు, పడవను ముందుకు తోయును. ఆ తోపుడంతయు షాఫ్టు ద్వారా వచ్చి గేరుపెట్టెమీద పడును. కారు గేరుపెట్టె త్రిప్పుటకేగాని ఈ తోపుడును భరించుటకు చేసినది కాదు. అందుకై పడవలకు వేరుగా చేసిన గేరుపెట్టెలు కలవు. అవి తోపుడును భరించును, వేగమును తగ్గించి పంకాకు అందించును, వెనుకకు నడపుటకును ఉపకరించును. ఖర్చునకు వెనుదీసి కారు గేరుపెట్టెనే ఉంచిన, అది ఏదో ఒకనాడు నడి ఏటిలో విరుగును.

పంకా కొలత సరిపోయినదీ లేనిదీ తెలిసికొనుట సులభము. నిండు బరువుతో యాక్సిలరేటరు పూర్తిగా ఇచ్చిన ఇంజను తన పూర్తి వేగము అందుకొనవలెను. అందుకొనక నల్లని పొగ విడిచిన, పంకా పెద్దదని అర్థము. పరీక్ష ముగిసిన పిమ్మట ప్రతిదినము ఆ వేగములో ముప్పాతికకు మించి నడపవద్దు.

బిగింపులో జాగ్రత్తలు

1. ఇంజనును పడవ పొడవునా వేసిన గట్టి దూలములమీద కూర్చుండబెట్టవలెను. వాలు 15 డిగ్రీలకు మించరాదు. మించిన ఆయిలు ఒక ప్రక్కకు పోయి పంపునకు అందదు.

2. గేరుపెట్టె ఫ్లాంజి, షాఫ్టు ఫ్లాంజి ఒకే వరుసలో ఉండవలెను. నాలుగు అంగుళముల ఫ్లాంజికి నాలుగు ప్రక్కల సందులో తేడా మిల్లీమీటరులో పదవవంతు మించరాదు. పడవ నీటిలోనికి దిగిన తరువాతనే దీనిని ఫీలరు గేజితో సరిచూడవలెను. ఒడ్డున కుదిరినది నీటిలో కుదరదు.

3. పొగగొట్టము ఎఱ్ఱగా కాలును గనుక వేడిని ఆపు గాజుపీచు పట్టీ చుట్టవలెను. ఆస్‌బెస్టాసు ఊపిరితిత్తులకు హాని గనుక వాడరాదు. గొట్టము కొన నీటిమట్టమునకు బాగుగా పైన ఉండవలెను.

4. ఇంజను క్రింద రేకు పళ్ళెము పెట్టవలెను. కారిన ఆయిలు అందులో పడును. దానిని ఏటిలో పారబోయవద్దు. దిగువనున్నవారు ఆ నీరే త్రాగుదురు.

5. ఆయిలు ప్రెషరు, నీటి వేడి చూపు మీటర్లు నడుపువాని కంటి ఎదుట ఉండవలెను.

పెట్రోలు ఇంజను వద్దు

పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. రోడ్డుమీద అది చెదరిపోవును. పడవలో అడుగున చేరి నిలిచియుండును. కారు స్టార్టరులో లేచు ఒక్క నిప్పురవ్వ చాలును, పడవ పేలిపోవుటకు. దానికి రవ్వలు బయటకు రాని స్టార్టరు, మంటను ఆపు జాలి, ఆవిరిని తోడు పంకా మొదలైనవి ప్రత్యేకముగా కావలెను. అవి లేని పెట్రోలు ఇంజనుతో జనమును ఎక్కించుట అపరాధము. గ్యాసు బండ కూడ అంతే.

గ్రామాధికారులకు మనవి

2021 నాటి అంతర్దేశ నౌకల చట్టము ప్రకారము ఇంజనుతో నడచు పడవకు తనిఖీ పత్రమును, రిజిస్ట్రేషనును ఉండవలెను. ఇంజను బిగించిన పడవ రేవునకు వచ్చినప్పుడు ఈ పత్రములను, మనిషికొక లైఫ్ జాకెట్టును అడిగి చూడవలెను. ఇంజను ఆగినప్పుడు ఉపయోగపడుటకు లంగరు, తెడ్లు, గడలు కూడ పడవలో ఉన్నవో లేవో చూడవలెను.

రైతు సోదరులారా, ఇంజను ధర ఒక్కటే లెక్కవేయకుడు. పడవ గేరుపెట్టె, చల్లబరచు తొట్టి, షాఫ్టు, పంకా అన్నిటి వెలయు కలిపి చూడుడు. ఆ మొత్తము పడవకొరకే చేసిన చిన్న డీజిలు ఇంజను ధరకు చేరువైనచో చిన్న ఇంజనే మేలు. పాత ఇంజనునే పెట్టదలచిన, పైన చెప్పిన వానిలో ఒక్కటియు వదలకుడు. నేను చూచిన ఆ రైతు ఈ వేసవిలో తన పడవకు తొట్టి వేయించుచున్నారు. వరద రాకముందే మీ పడవను కూడ ఒకసారి సరిచూచుకొనుడు.