నిమ్మ వాసనలో పుట్టే నలుసులు

పొద్దున్నే కిటికీ సందులోంచి గదిలోకి ఎండ పడుతున్నప్పుడు ఆ వెలుగుచారలో నలుసులు తేలియాడటం మీరు చూసే ఉంటారు. కొన్ని దుమ్ము, కొన్ని బట్టల పోగులు, కొన్ని అగరువత్తి పొగ. కాని వీటన్నిటికంటే వింతైన నలుసులు మరికొన్ని ఉన్నాయి. అవి ఎక్కడినుంచీ రావు. గదిలోని గాలిలోనే, వాయువులనుంచి పుడతాయి! ఎలాగో చూద్దాం.

నారింజ తొక్కను గోటితో గిల్లండి. ఘాటైన వాసన గుప్పుమంటుంది. ఆ తొక్కలోని నూనెలో చాలా భాగం లిమొనీన్ అనే పదార్థం. దాని అణువులో 10 కార్బన్ పరమాణువులు, 16 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అది సులభంగా ఆవిరవుతుంది. నిమ్మ వాసన వచ్చే నేల తుడిచే ద్రవాల్లో చాలావాటిలో ఇది ఉంటుంది.

రెండో పాత్రధారి ఓజోన్. మామూలు ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటే ఓజోన్ అణువులో మూడుంటాయి. వాహనాలు వదిలే వాయువులపై ఎండ పనిచేసినప్పుడు బయటి గాలిలో ఓజోన్ తయారవుతుంది. కిటికీలగుండా ఇంట్లోకి వస్తుంది. కొన్ని ఫోటోకాపీ యంత్రాలనుంచి కూడా కొద్దిగా వెలువడుతుంది.

ఇప్పుడీ రెండూ కలుసుకున్నాయనుకోండి. లిమొనీన్ అణువులో ఒక వలయం ఉంది. ఆ వలయంలో ఒక ద్విబంధం ఉంది. ఓజోన్ సరిగ్గా అక్కడే దాడిచేసి తెంపుతుంది. అయితే అణువు రెండు ముక్కలవుతుందా? కాదు. ఉంగరాన్ని ఒకచోట కత్తిరిస్తే ఏమవుతుంది? వంగిన తీగలా ఒకే ముక్కగా మిగులుతుంది కదా! ఇదీ అంతే. పైగా తెగిన కొనలకు ఆక్సిజన్ పరమాణువులు చేరతాయి. అణువు బరువెక్కుతుంది, ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకుంటాయి. ఇలాంటి అణువుల్లో కొన్ని ఇక ఆవిరిగా ఉండలేవు. ఒకచోట చేరి నలుసులవుతాయి, లేదా ఉన్న నలుసులపై పేరుకుంటాయి.

చలికాలం తెల్లవారుజామున నీటి ఆవిరి మంచు బిందువులుగా మారుతుంది. అక్కడ చలి చేసే పనిని ఇక్కడ రసాయనచర్య చేస్తుంది. గది చల్లబడలేదు, పదార్థమే మారింది!

1960లో వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అడవులపై కనిపించే నీలి పొగమంచుకు చెట్లు వదిలే ఇలాంటి ఆవిర్లే కారణమని సూచించాడు. 1999లో వెష్లర్, షీల్డ్స్ అనే శాస్త్రజ్ఞులు పక్కపక్కనే ఉన్న, ఒకేలాంటి ఖాళీ ఆఫీసు గదుల్లో ప్రయోగాలు చేసి, గదిలోపల కూడా ఇదే జరుగుతుందని చూపారు.

ఈ నలుసులు చాలావరకు ఒక మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే చిన్నవి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు! పెద్ద దుమ్మును ముక్కు చాలావరకు ఆపగలదు. ఇంత సన్ననివి ఊపిరితిత్తుల లోపలి గాలితిత్తులదాకా పోగలవు. ఉబ్బసం ఉన్నవారికి సన్నని నలుసులు మరీ చేటు.

అందుకని నేల తుడవడం మానాలా? అక్కరలేదు. వాసన ద్రవాన్ని తక్కువగా వాడండి. తర్వాత మంచినీళ్లతో మరోసారి తుడవండి. గాలి ఆడనివ్వండి. ఓజోన్ వదిలి గాలిని శుభ్రం చేస్తామనే యంత్రాలను మనుషులున్న గదిలో పెట్టకూడదు. వాసన బాగున్నంత మాత్రాన గాలి శుభ్రమైనట్టు కాదు.

ఆలోచించండి: బయటి గాలిలో ఓజోన్ సాధారణంగా మధ్యాహ్నంవేళ ఎక్కువ. మరి నిమ్మ వాసన ద్రవంతో నేల ఎప్పుడు తుడవడం మేలు? ఎందువల్ల?