పెద్ద టైర్లు వేశాక క్రౌన్ మార్చాలా?

ప్రశ్న: అన్నా, మాది వరంగల్ జిల్లా. నాన్న మరమగ్గాల పనికి సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఇచ్ఛాపూర్‌లో ఉంటూ సొంత పది చక్రాల లారీ తోలుకుంటున్నాను. హజీరాలో స్టీల్ కాయిల్స్ ఎత్తుకుని ధూలే, సోలాపూర్ మీదుగా హైదరాబాద్ వెళ్తాను. బండికి 10.00 ఆర్ 20 టైర్లు ఉండేవి. మొన్న 11.00 ఆర్ 20 వేయించాను. అప్పటినుంచి కొండాయిబారి ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించాల్సి వస్తోంది. మెకానిక్ 37/6 క్రౌన్ తీసి 41/6 వేయమంటున్నాడు. వేయించమంటావా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బు దాచుకో. ఎందుకో లెక్కతో చెబుతాను.

10.00 ఆర్ 20 టైరు ఎత్తు సుమారు 1,054 మిల్లీమీటర్లు, 11.00 ఆర్ 20 ది సుమారు 1,085. కంపెనీని బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది. అంటే పెరిగింది మూడు శాతం. టైరు ఎంత పెరిగితే చక్రం దగ్గర లాగే బలం అంత తగ్గుతుంది కాబట్టి నువ్వు పోగొట్టుకున్నదీ మూడు శాతమే. ఇక క్రౌన్ చూడు, పెద్ద అంకె క్రౌన్ పళ్ళు, చిన్న అంకె దాన్ని తిప్పే పినియన్ పళ్ళు. 37ని 6తో భాగిస్తే 6.17, 41ని 6తో భాగిస్తే 6.83. తేడా దాదాపు పదకొండు శాతం. మూడు శాతం లోటు పూడ్చడానికి పదకొండు శాతం మార్పు చేయమంటున్నాడు మీ మెకానిక్.

టాప్ గేరులో గేర్‌బాక్స్ నిష్పత్తి ఒకటికి ఒకటి అనుకుందాం. లోడు మీద పాత టైరు ఒక చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోయేది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజను దాదాపు 1,930 చుట్లు తిరిగేది. కొత్త టైరుతో 1,870కి దిగింది. ఇప్పుడు 41/6 వేస్తే 2,070 అవుతుంది. ఘాట్ ఉన్నది కొన్ని కిలోమీటర్లే. మిగతా దారంతా ఇంజను అరుస్తూ డీజిల్ తాగుతుంది. 12.00 టైర్లు వేసుంటే, అంటే సుమారు ఏడు శాతం పెరిగుంటే, నా జవాబు మారేదేమో. అప్పుడు 41/6 గురించి ఆలోచించవచ్చు.

మరి గేరు ఎందుకు తగ్గించాల్సి వస్తోందంటావా? అప్పటికే బలం చాలీచాలక అంచున ఉన్న బండికి మూడు శాతం చాలు, ఒక గేరు పడిపోతుంది. అయితే ముందు ఆ అంచుకు ఎందుకొచ్చిందో చూసుకో. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టం, క్లచ్ జారుడు చూపించు. లోడు సంగతి నీకే తెలుసు. 2018లో మూడు యాక్సిళ్ళ లారీకి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. దానిమీద ఇంకో రెండు టన్నులు వేసుకుని టైరును తప్పుబట్టకు.

ఎవరి మాటా నమ్మకుండా నువ్వే కొలుచుకో. లోడుతో, సరైన గాలితో, చదును నేల మీద బండి ఆపు. హౌసింగ్ (ఇంజను తిప్పే వెనక యాక్సిల్) చక్రం నేలకు ఆనిన చోట టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత పెట్టు. నెమ్మదిగా ముందుకు పోనిచ్చి, టైరు మీది గీత మళ్ళీ నేలను తాకిన చోట ఇంకో గీత పెట్టి టేపు పట్టు. క్రౌన్ పళ్ళ లెక్క క్రౌన్, పినియన్ సెట్టు మీదే చెక్కి ఉంటుంది.

అందరూ ఎక్కేటప్పటి సంగతే అడుగుతారు. నాకు భయం దిగేటప్పుడు. టైరు పెరిగితే బ్రేకు పట్టే బలం, ఇంజను బ్రేకు బలం కూడా అంతే తగ్గుతాయి. వెనక కాయిల్స్ పెట్టుకుని దిగుతున్నావు. ఎక్కిన గేరులోనే దిగు. న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దించకు.

స్పీడోమీటర్ కూడా ఇప్పుడు తక్కువ చూపిస్తుంది: 80 చూపిస్తే అసలు వేగం 82 దాటి ఉంటుంది. షోరూములో కొత్త టైరు కొలత ఎక్కించమను. 11.00 టైరుకు సాధారణంగా 8 అంగుళాల రిమ్ము కావాలి, 10.00కి 7.5. జంట టైర్లు లోడు మీద ఒకదానికొకటి రాసుకుంటున్నాయేమో చెయ్యి పెట్టి చూడు. రవాణా బండ్ల ఆర్‌సీలో టైరు సైజు కూడా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చకూడదు. 11.00 నీ మోడలుకు కంపెనీ ఒప్పుకున్న సైజేనా? కాకపోతే పాత సైజుకే తిరిగి వెళ్ళు. అదే చవక, అదే క్షేమం.

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ టిప్పరు, వెనక రెండు హౌసింగులూ లాగుతాయి. ఒకదానిలో క్రౌన్ పోయింది. వేరే పళ్ళ లెక్కది తక్కువకు దొరుకుతోంది. ఒక్కదానికే వేసుకోవచ్చా?

జవాబు: వద్దే వద్దండీ. రెండు హౌసింగుల్లోనూ పళ్ళ లెక్క ఒకటే ఉండాలి. వేరైతే రెండింటి మధ్య ఉండే డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా ఆగకుండా తిరిగి కాలిపోతుంది. బురదలో లాక్ వేశారంటే షాఫ్టే విరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో అలాంటి హౌసింగ్ ఒకటి విప్పాం. నూనె తారులా నల్లబడి ఉంది, అడుగున ఇనుప రజను చేతికి గుప్పెడు వచ్చింది. ఆ వాసన నాకింకా గుర్తే. క్రౌన్, పినియన్ జత కలిపి అరగదీసి చేస్తారు. జతగానే కొనండి, సెట్టు మీది నంబర్లు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. బిగించాక నీలిరంగు పూసి, పళ్ళ మీద అచ్చు మధ్యలో పడిందో లేదో చూపించమనండి.

ఈ శీర్షికకు ఉత్తరం రాసేవారు బండి మోడలు, టైరు సైజు, క్రౌన్ పళ్ళ లెక్క, నడిచే దారి, ఎత్తే లోడు తప్పకుండా రాయండి. ఈ ఐదూ లేకుండా ఏ క్రౌన్ వేయాలో ఎవరూ చెప్పలేరు.