జనం తక్కువ, అడవి ఎక్కువ: కాంప్‌బెల్ బే

కొత్త బడిలో చేరిన ప్రతిసారీ మనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, "మీది ఏ ఊరు?" పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దింది ఇంకొకచోట, ఇప్పుడు ఉంటున్నది మరొకచోట. ఏ పేరు చెప్పాలో తేల్చుకునేలోపే గంట కొట్టేస్తారు. ఈ ప్రశ్నకు మనలాగే తడుముకునే పిల్లలు ఎందరో ఉన్న ఒక ఊరికి ఈ పాఠంలో వెళ్లివద్దాం.

ఎక్కడుంది?

పటం తెరిచి, బంగాళాఖాతంలో అండమాన్ నికోబార్ దీవుల వరుస వెంట వేలు కిందికి జరుపుదాం. చిట్టచివరి పెద్ద దీవి గ్రేట్ నికోబార్. దాని తూర్పు తీరంలోని చిన్న పట్టణమే కాంప్‌బెల్ బే. దీవి దక్షిణపు కొసను ఇందిరా పాయింట్ అంటారు. మన దేశానికి దక్షిణపు చివర కన్యాకుమారి కాదు, ఇదే. ఇక్కడినుంచి ఇండోనేషియాలోని సుమత్రా దీవి అంత దూరమేమీ కాదు.

విశాఖపట్నంలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ చేరినా ప్రయాణం అయిపోదు. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఆ నగరం నుంచి దక్షిణంగా ఇంకా 500 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. ఓడ దారిలో ఇతర దీవుల దగ్గర ఆగుతూ పోతుంది.

దిగగానే ఒక వింత గమనిస్తాం. సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది! మన గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. కాంప్‌బెల్ బే దాదాపు 94 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. లెక్క వేస్తే, ఇక్కడ సూర్యుడు మన గడియారంకన్నా సుమారు ముప్పావు గంట ముందుంటాడు.

ఎవరు వచ్చారు?

2011 జనాభా లెక్కల ప్రకారం దీవి మొత్తం మీద ఉన్నది సుమారు 8,000 మంది. విస్తీర్ణం 900 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే చదరపు కిలోమీటరుకు తొమ్మిది మందికి మించరు. అదే ఏడాది దేశ సగటు 382.

1969 నుంచి సుమారు పదేళ్లపాటు ప్రభుత్వం మాజీ సైనికుల కుటుంబాలను ఇక్కడికి తెచ్చి భూములిచ్చింది. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి సుమారు 330 కుటుంబాలు వచ్చాయి. అడవి కొట్టి కొబ్బరి, పోక తోటలు వేశాయి. జోగిందర్ నగర్, విజయ్ నగర్, గాంధీ నగర్ లాంటి ఊళ్లు వెలిశాయి. గోధుమ రొట్టెలు తినేవారూ, అన్నం తినేవారూ ఇరుగుపొరుగయ్యారు. మన క్వార్టర్లలాగే అన్నమాట. తేడా ఒక్కటే. మనకు మళ్లీ బదిలీ వస్తుంది, వాళ్లు ఉండిపోయారు.

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూకంపం వచ్చింది. సునామీ తీరపు ఊళ్లను తుడిచిపెట్టింది. నేల కూడా కుంగింది. ఇందిరా పాయింట్ దీపస్తంభం దగ్గర భూమి నాలుగు మీటర్లకు పైగా దిగిపోవడంతో దాని మొదలు సముద్రపు నీటిలో నిలిచింది. ఎందరో ఆప్తులనూ తోటలనూ పోగొట్టుకున్నారు. మిగిలినవారిలో చాలామంది మళ్లీ ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు.

ముందునుంచీ ఎవరున్నారు?

చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది అనగానే దీవి ఖాళీ అనుకుంటాం. అది పొరపాటు. దీవి లోపలి అడవిలో షోంపెన్ అనే ప్రజలు వేల ఏళ్లుగా బతుకుతున్నారు. 2011 లెక్కల్లో వారి సంఖ్య 229. మన మొగలి జాతికే చెందిన ఒక చెట్టు పండు వారి ముఖ్యాహారం. తీరాల్లో నికోబారీలు ఉండేవారు. సునామీ తర్వాత వారిని కాంప్‌బెల్ బే దగ్గరికి తరలించారు. పాత ఊళ్లకు తిరిగి వెళ్లాలని వారిలో చాలామంది కోరిక.

అడవి అంచున మెగాపోడ్ అనే పక్షి ఉంటుంది. ఇది గుడ్లమీద పొదగదు. పెద్ద పాదాలతో ఇసుక, ఆకులు కుప్పపోసి గుడ్లను అందులో పెడుతుంది. ఆకులు కుళ్లేటప్పుడు పుట్టే వేడికి గుడ్లు పొదుగుతాయి. గలాథియా తీరంలో రాత్రివేళ లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాబేళ్లన్నిటిలోకీ పెద్దవి ఇవే. వీటి వీపుమీద గట్టి చిప్పకు బదులు తోలులాంటి పొర ఉంటుంది.

గలాథియాలో పెద్ద ఓడరేవు, దీవిలో విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టే ప్రణాళికకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. దేశ రక్షణకూ వ్యాపారానికీ ఇది అవసరమని కొందరంటున్నారు. అడవికీ షోంపెన్లకూ తాబేళ్లకూ ముప్పని మరికొందరంటున్నారు. మనం పెద్దవాళ్లమయ్యేసరికి ఈ దీవి ఎలా ఉంటుందన్నది ఈ చర్చలో తేలవలసిన విషయం.

మనం వెళితే?

గిరిజన రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదని 1956 నుంచి నిబంధన ఉంది. అక్కడివారిని ఫొటోలు తీయకూడదు, తినుబండారాలు ఇవ్వకూడదు. బయటి జబ్బులు వారికి ప్రాణాంతకం కావచ్చు. తాబేళ్లు వచ్చే తీరంలో టార్చి వేయకూడదు. పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోకూడదు.

కొత్త ఊరికి వెళ్లినప్పుడు "ఇక్కడ ఏమీ లేదు" అని మనం ఎన్నిసార్లు అనలేదు! సినిమా హాలు లేదనో, ఐస్‌క్రీం దుకాణం లేదనో అంటాం. ఈసారి ఆ మాట అనేముందు, ఇక్కడ మనకన్నా ముందునుంచీ ఎవరున్నారని అడుగుదాం. రెండు మూడేళ్లే ఉండేవాళ్లమైనా, ఆ సంగతి తెలుసుకుంటే అది కొంత మన ఊరు అయినట్టే.

ఆలోచించండి

1. మీరు ఉంటున్న ఊరి రేఖాంశం కనుక్కోండి. అక్కడ సూర్యుడు గడియారంకన్నా ముందా, వెనకా? ఎన్ని నిమిషాలు?
2. మీ క్వార్టర్లు కట్టకముందు ఆ స్థలంలో ఏముండేది? స్థానికులైన పెద్దవారిని అడిగి అయిదు వాక్యాలు రాయండి.
3. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు కట్టాలా, వద్దా? రెండు జట్లుగా తరగతిలో చర్చించండి. షోంపెన్ల వైపు నుంచి కూడా ఆలోచించడం మరవకండి.