పశ్చాత్తాపపడిన వానిని పరీక్షించవద్దు



ఒక యువత సమావేశంలో ఇంటర్ చదివే అబ్బాయి లేచి, "ఫాదర్, విలన్ పుట్టుకతోనే విలనా? లేక ఎవరైనా అతణ్ని అలా తయారుచేస్తారా?" అని అడిగాడు. తోటిపిల్లలు నవ్వారు. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. మన ఊళ్ళో, మన వీధిలో, ఒక్కొక్కసారి మన ఇంట్లోనే "వాడింతే, వాడు మారడు" అని మనం ముద్ర వేసిన మనిషి ఒకడుంటాడు. ఆ అబ్బాయి అడిగింది నిజానికి అటువంటి వాని గురించే.

జవాబు వెదకడానికి ఈ వారం ఒక టీవీ సీరియల్‌లోని ఒక ఎపిసోడ్‌ను మన పాఠంగా తీసుకుందాం. సీరియల్ పేరు 'హీరోస్'. టిమ్ క్రింగ్ రూపొందించిన ఈ కథను అమెరికాలోని ఎన్.బి.సి. ఛానల్ 2006 నుండి 2010 వరకు నాలుగు సీజన్లుగా ప్రసారం చేసింది. మామూలు మనుషులకు ఉన్నట్టుండి అసాధారణ శక్తులు కలగడం అందులోని కల్పన. ఒకరు గాలిలో ఎగురుతారు. ఒక బాలికకు ఎంత పెద్ద గాయమైనా క్షణాల్లో మానిపోతుంది. జపాన్ దేశపు ఉద్యోగి ఒకడు కాలాన్నే ఆపగలడు. మూడవ సీజన్‌లో ఎనిమిదవ ఎపిసోడ్ పేరు 'విలన్స్'. అది 2008 నవంబరు 10న ప్రసారమైంది. హింస ఉన్న కథ గనుక చిన్నపిల్లలకు చూపించదగినది కాదు. పెద్దపిల్లలతో తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకోవడానికి మాత్రం తగినది.

కథాసారం

గాబ్రియేల్ గ్రే న్యూయార్కులో గడియారాలు బాగుచేసే యువకుడు. చేతిపని బాగా వచ్చినవాడు. టిక్కుటిక్కు శబ్దం విని గడియారంలో లోపం ఎక్కడుందో చెప్పగలడు. కాని తాను మామూలు మనిషినన్న బాధ అతణ్ని లోలోపల తినివేస్తూ ఉంటుంది. మద్రాసు నుండి వచ్చిన చంద్ర సురేష్ అనే శాస్త్రజ్ఞుడు, నీలో ఏదో ప్రత్యేకశక్తి ఉండవచ్చని చెప్పి ఆశపెడతాడు. పరీక్షల్లో ఏమీ తేలదు. అప్పుడు గాబ్రియేల్, వస్తువులను తాకకుండానే కదిలించగల బ్రయన్ డేవిస్ అనే వానిని తన దుకాణానికి రప్పిస్తాడు. విచిత్రమేమంటే, ఆ శక్తి తనకు వద్దని, దానిని వదిలించుకోవాలని బ్రయన్ కోరుకుంటున్నాడు. గాబ్రియేల్ అతణ్ని చంపి ఆ శక్తిని తనదిగా చేసుకుంటాడు. ఇదంతా మొదటి సీజన్‌లోనే చూపించారు. తరువాత 'సైలర్' అనే పేరుతో అందరినీ భయపెట్టే హంతకుడు ఇతడే.

'విలన్స్' ఎపిసోడ్ మనలను ఆ మొదటి హత్య తరువాతి రోజులకు తీసుకువెళుతుంది. చేసిన ఘోరానికి గాబ్రియేల్ కుమిలిపోతున్నాడు. తాను పాపం చేశానని, క్షమించమని ఇంటి గోడ మీద పదేపదే రాసుకున్నవాడు అతడు. చివరికి నిరాశతో తన దుకాణంలోనే ప్రాణం తీసుకోబోతాడు. సరిగ్గా ఆ క్షణాన ఎల్ అనే యువతి లోపలికి వచ్చి, తన చేతినుండి వెలువడే విద్యుత్తుతో తాడును తెంచి అతణ్ని బ్రతికిస్తుంది. అతనితో స్నేహంగా మాట్లాడుతుంది. తన పాపాన్ని అతడు ఆమె ముందు ఒప్పుకుంటాడు. మరల అలా చేయకూడదనే అతని కోరిక.

అయితే ఎల్ దారినపోతూ వచ్చినది కాదు. ఇటువంటి శక్తులున్నవారిని వెంటాడి బంధించే ఒక రహస్య సంస్థ ఆమెను పంపింది. ఆమెతోపాటు పనిచేసే నోవా బెన్నెట్ బయటినుండి అంతా గమనిస్తున్నాడు. ఇతరుల శక్తిని గాబ్రియేల్ ఎలా తనలోకి తీసుకుంటాడో చూడాలి, నమోదు చేయాలి. అందుకు అతడు మరల చంపాలి! ఎల్ ఇష్టపడదు. ఇతడు బాధపడుతున్నాడని వాదిస్తుంది. ఇది మన ఉద్యోగం అంటాడు నోవా. ఆమె లొంగిపోతుంది. ట్రెవర్ అనే యువకుణ్ని గాబ్రియేల్ వద్దకు తీసుకువస్తుంది. ట్రెవర్ వేలు చూపిస్తే గాజువస్తువులు పగిలిపోతాయి. ఎల్ అతణ్ని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు విన్న గాబ్రియేల్‌లో ఈర్ష్య భగ్గుమంటుంది. రెండవ హత్య జరుగుతుంది. ఆ తరువాత అతనికి వెనుదిరిగే దారి కనిపించదు.

మొదటి పాఠం: మామూలుగా ఉండడం లోపం కాదు

ఈర్ష్య అంటే ఇతరుల మేలును చూచి దుఃఖపడడమని పునీత తోమాసు అక్వీనాసు వివరించారు. ఎదుటివానికి కలిగిన మంచి నాకు నష్టమని భావించడమే దాని మూలం. ట్రెవర్‌కున్నది ఎంత పాటి శక్తి? గాజుగ్లాసులు పగలగొట్టడం! దానివల్ల గాబ్రియేల్‌కు పోయిందేమీ లేదు. ఆగిపోయిన గడియారాన్ని నడిపించగల నేర్పు దానికంటే ఎంతో ఉపయోగమైనది. కాని ఆ నేర్పును అతడు వరంగా ఎంచలేదు.

తల్లిదండ్రులారా, ఇక్కడ మనం ఒక క్షణం ఆగాలి. "పక్కింటి పిల్లకు ర్యాంకు వచ్చింది, నీకేమైంది?" అని మనం అన్నప్పుడు, మామూలుగా ఉండడమే అవమానమని బిడ్డకు నేర్పుతున్నాము. దేవుడు తన రూపంలో సృజించిన బిడ్డకు విలువ రావడానికి ర్యాంకు అవసరం లేదు. చదువు కావాలి, శ్రమ కావాలి. పోల్చి గాయపరచడం మాత్రం వద్దు.

రెండవ పాఠం: తాడు తెంచడం చాలదు

ఎల్ ఒక ప్రాణాన్ని కాపాడింది. అది మంచి పనియే. కాని ఎందుకు కాపాడింది? అతడు బ్రతకాలని కాదు, పరిశీలనకు పనికి రావాలని ఆమెను పంపినవారి ఉద్దేశం. రైతు ఎద్దుకు మేత వేయడం ప్రేమవల్ల కావచ్చు. కటికవాడు మేకకు మేత వేయడం వేరు. చూడడానికి రెండూ ఒక్కటే.

మనిషిని సాధనంగా వాడుకున్న ఈ తప్పును నోవా ఏమని సమర్థించుకుంటాడు? ప్రమాదకరమైన శక్తిని అర్థం చేసుకుంటే నలుగురికి మేలని. మంచి ఫలితం కోసమైనా చెడుపని చేయరాదని శ్రీసభ బోధన. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1753వ పేరాలో దీనిని స్పష్టంగా చూడవచ్చు. అదే గ్రంథం 1868వ పేరాలో, ఇతరుల పాపంలో మనం ఎలా పాలివారమవుతామో చెబుతుంది: స్వయంగా పాల్గొని, ఆజ్ఞాపించి, సలహా ఇచ్చి, మెచ్చుకొని, ఆపవలసినవారమై ఉండి ఆపకుండా. ఈ ఎపిసోడ్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కించండి. నోవా ఆజ్ఞాపించాడు, ఆపలేదు. ఎల్ అయిష్టంగానే అయినా చేయి కలిపింది. ఇతరులను పాపంలోకి నడిపించడాన్ని మనం దుర్మాతృక అంటాము. చిన్నవారిని ఇలా తడబడేలా చేసేవానికి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవేయడమే మేలని ప్రభువు ఎంత కఠినంగా పలికారో మత్తయి 18:6లో చదవండి.

అట్లని గాబ్రియేల్ నిర్దోషి కాడు. ట్రెవర్ మీదికి లేచిన చేయి అతనిదే. తలుపు దగ్గర పాపం పొంచి ఉన్నదని, దానిని లోబరచుకోవాలని దేవుడు కయీనును ముందే హెచ్చరించాడు (ఆదికాండము 4:7). స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యత ఉంటుంది. ఒకరి దోషం మరొకరి దోషాన్ని కడిగివేయదు. ఆ అబ్బాయి ప్రశ్నకు ఇదే నా జవాబు: ఎవడూ పుట్టుకతో విలన్ కాడు. తన ఎంపికతోనే అవుతాడు. కాని ఆ ఎంపిక దగ్గరకు అతణ్ని తోసినవారు దేవుని ముందు చేతులు కడుక్కోలేరు.

మూడవ పాఠం: జాగ్రత్త వేరు, ఉచ్చు వేరు

"అయితే ఫాదర్, తప్పుచేసిన వానిని గుడ్డిగా నమ్మమంటారా?" అని మీరు అడగవచ్చు. నమ్మమనడం లేదు. దొంగతనం చేసి మారిన వానికి మరునాడే గల్లాపెట్టె తాళంచెవి ఇవ్వకపోవడం జాగ్రత్త. అది అతనికీ మేలు. కాని వాడు నడిచే దారిలో డబ్బు పడవేసి, తీస్తాడా లేదా అని కిటికీలోనుండి చూడడం ఉచ్చు. మొదటిది అతణ్ని కాపాడుతుంది. రెండవది అతడు పడిపోవాలని ఎదురుచూస్తుంది.

ఇది మన ఊళ్ళలో జరగని సంగతి కాదు. ఒకాయన తపస్కాలంలో ఒట్టు పెట్టుకొని తాగుడు మానుకుంటాడు. పాస్క పండుగ దాటుతుంది, ఇంకా మానుకొనే ఉంటాడు. భార్య ముఖాన వెలుగు వస్తుంది. ఇంతలో ఏదో పెళ్లి. అక్కడ నలుగురు చేరి, "ఏరా, సాధువువయ్యావా? ఈ ఒక్క గ్లాసు తాగి చూపించు, నీ మగతనమేమిటో చూద్దాం" అంటారు. వారికి అది సరదా. ఆ ఇంట్లో మరునాటి నుండి మరల ఏడుపు. గ్లాసు అందించిన వారెవరూ ఆ ఏడుపు వినరు. నోవా బెన్నెట్ ఎక్కడో అమెరికా సీరియల్‌లో లేడు. పందిరి కింద మన పక్కనే కూర్చుని ఉన్నాడు.

యూదా, పేతురు

ఇద్దరు అపొస్తలులు ఒకే రాత్రి పడిపోయారు. యూదా తన తప్పు తెలుసుకొని, ముప్పది వెండినాణెములు తీసుకొని ప్రధానార్చకుల వద్దకు వెళ్ళి, నేను పాపం చేశానని ఒప్పుకున్నాడు. పాపులను దేవునితో సమాధానపరచవలసిన అర్చకులు అతనికి ఏమి చెప్పారు? అది మాకు సంబంధించినది కాదు, నీవే చూచుకో అన్నారు (మత్తయి 27:3-5). వారికి యూదాతో పని అయిపోయింది. అతడు నాణెములు విసరివేసి నిరాశలోకి వెళ్ళిపోయాడు.

పేతురు కూడా ఏడ్చాడు. కాని ఆదివారం తెల్లవారుజామున మగ్దలా మరియ పరుగెత్తి వచ్చినప్పుడు పేతురు ఒంటరిగా లేడు. మరొక శిష్యుడు అతనితో ఉన్నాడు (యోహాను 20:2). మూడుసార్లు బొంకిన వానిని తోటివారు వెలివేయలేదు. ప్రధానార్చకుని ముంగిట బొగ్గులమంట దగ్గర పేతురు ప్రభువును ఎరుగనన్నాడు. సరస్సు ఒడ్డున మరల ఒక బొగ్గులమంట కనిపిస్తుంది. దాని మీద చేపలు, రొట్టె (యోహాను 21:9). ప్రభువు అక్కడ పేతురుకు ఉచ్చు పన్నలేదు. భోజనం పెట్టాడు. ఆ తరువాత ప్రేమను గురించి అడిగి, తన మందను అప్పగించాడు.

గోడ కూలిన రోజు

గాబ్రియేల్ కథ హత్యలతో ముగియలేదు. తరువాతి ఎపిసోడ్లలో అతడు ఎల్‌ను కూడా చంపుతాడు. పన్నిన ఉచ్చు పన్నిన వారినే చుట్టుకున్నది. కాని నాల్గవ సీజన్ చివర, 2010 ఫిబ్రవరి 1న ప్రసారమైన 'ది వాల్' ఎపిసోడ్‌లో, అతడు తన మనస్సులోనే నిర్మానుష్యమైన నగరంలో బందీగా ఉంటాడు. పీటర్ పెట్రెల్లి అనే యువకుడు అతనికోసం అందులోకి వెళ్ళి, తానూ చిక్కుకుపోతాడు. పీటర్ అన్నను చంపినవాడు ఇతడే! ఆ లోకపు లెక్కలో ఏళ్ల తరబడి ఇద్దరూ ఒక పెద్ద ఇటుకల గోడను సుత్తితో కొడుతూనే ఉంటారు. అది పగలదు. పీటర్ తన పగను వదులుకున్న తరువాతనే గోడ కూలుతుంది. బయటికి వచ్చిన గాబ్రియేల్ ఆపదలో ఉన్న ఒక యువతిని కాపాడడానికి తోడ్పడతాడు.

ఇది కల్పిత కథయే. కాని ఒక సంగతి గమనించండి. ఎల్ ఆజ్ఞ ప్రకారం అతని దగ్గరకు వచ్చి, పని ముగియగానే వెళ్ళిపోయింది. పీటర్ గాయపడిన హృదయంతో వచ్చి, అతనితోనే ఉండిపోయాడు. నష్టపోయినవాడే క్షమించాడు. అటువంటి క్షమ ఎవరినీ బలవంతపెట్టి రాబట్టగలిగేది కాదు. దానికి కాలం పడుతుంది, దేవుని వరప్రసాదం కావాలి. అందుచేత బాధితులను తొందరపెట్టవద్దు.

మన కర్తవ్యం

మీ ఇంట్లోగాని, మీ ప్రక్కనగాని తప్పు తెలుసుకొని మారాలని తంటాలు పడుతున్న వారెవరో మీకు తెలుసు. వారి పాత తప్పును పదిమందిలో ఎత్తవద్దు. పాపసంకీర్తనానికి వెళ్ళాలనుకుంటే తోడుగా రండి. ప్రాణం మీద విరక్తితో మాట్లాడితే తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు. వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. టెలి మానస్ ప్రభుత్వ సహాయకేంద్రం 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ వారం జపమాల తరువాత కుటుంబమంతా కూర్చుని ఈ మూడు ప్రశ్నలు ఆలోచించండి:

1. మనం "మారడు" అని ముద్ర వేసిన వ్యక్తి ఎవరు?

2. మన మాటవల్ల, ఎగతాళివల్ల ఎవరైనా మానుకున్న చెడును మరల పట్టుకున్నారా?

3. ఆ వ్యక్తి నిలబడడానికి ఈ నెలలో మనం చేయగల ఒక చిన్న పని ఏమిటి?

పడిపోయిన పేతురుకు బొగ్గులమంట మీద చేపలు కాల్చిపెట్టిన ప్రభువు, మన ఇళ్ళలోను అటువంటి పొయ్యి వెలిగించునుగాక.