ఇన్వర్టరుతో నడుచు పంపు మోటారు: వోల్టేజి దెబ్బ నుండి కాపాడుకొను విధము

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు నుండి శాలిబండకు పోవు దారికి చేరువనున్న ఒక సందులో, మోటార్లకు తీగ చుట్టు చిన్న దుకాణమొకటి కలదు. మీరాలం మండీకి కూరగాయలు తెచ్చు రైతులు కొందరు, సరుకు అమ్ముడైన పిదప, కాలిన మోటారును అదే బండిలో అచ్చటికి చేర్చుదురు. గత వేసవిలో నేను అచ్చట నుండగా మహేశ్వరం వైపు రైతు ఒకరు తమ 7.5 అశ్వశక్తి బోరు మోటారును బండి నుండి దింపించుచుండిరి. అది మూడవసారి కాలినది. చేనిలో టమాట పూత మీద నున్నది.

“ఉస్తాద్, పోయిన నెలనే గద చుట్టిస్తిమి. మళ్ల గట్లనే కాలింది” అని ఆయన వాపోయిరి.

ఉస్తాదు తీగచుట్టను వెలుగులోనికి తిప్పి చూపి, “నా చుట్టుడుల తప్పు లేదు పటేలా. స్టార్టరు మీద నడిచినప్పుడు పదేండ్లు చెడలే. డ్రైవ్ పెట్టినంక మొదటి చుట్టు కాడనే తెగుతున్నది” అనెను.

ఉస్తాదు కనిపెట్టినది సరియైనదే. మోటారు చెడ్డది కాదు, చుట్టిన చేయి చెడ్డది కాదు. ఇన్వర్టరు నుండి బయలుదేరిన వోల్టేజి, పొడవైన కేబులు కొసన రెట్టింపై మోటారును కొట్టుచున్నది. ఈ కారణమును తొలగింపక ఎన్నిసార్లు తీగ చుట్టించినను ఫలము లేదు. 2019లో ప్రారంభమైన పీఎం కుసుమ్ పథకము క్రిందను, 2025లో అమ్రాబాద్ మండలమున ప్రారంభమైన ఇందిరా సౌర గిరి జల వికాసము క్రిందను సౌర పంపులు పల్లెలకు వచ్చుచున్నవి. ఆ పంపుల నియంత్రణ పెట్టెలోనున్నది ఇన్వర్టరే. కనుక ఈ విషయము ప్రతి రైతును తెలిసికొనదగినది.

ఇన్వర్టరు చేయు పని

ఇంటిలో దీపములకు వాడు బ్యాటరీ ఇన్వర్టరు వేరు, ఇది వేరు. దీనిని దుకాణములలో ‘డ్రైవ్’ అనియు, ‘వి.ఎఫ్.డి.’ అనియు చెప్పుదురు. ఇది లైను నుండి వచ్చు 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటును మొదట ఏకముఖ కరెంటుగా మార్చి, సుమారు 560 వోల్టుల వద్ద కెపాసిటర్లలో నిలువ చేయును. సౌర పంపులో ఈ ఏకముఖ కరెంటు పలకల నుండియే వచ్చును. పిమ్మట దానిని ముక్కలు ముక్కలుగా కోసి మోటారుకు పంపును. ముక్కల వెడల్పును మార్చుటచే మోటారు వేగము మన ఇష్టము వచ్చినట్లు మారును.

ఈ కోత సెకనుకు కొన్ని వేల మారులు జరుగును. 4,000 మారులు జరుగుననుకొనిన, ఒక గంటలో ఒక కోటి నలుబది నాలుగు లక్షల ముక్కలు మోటారును చేరును. ప్రతి ముక్కయు సున్న నుండి 560 వోల్టులకు సెకనులో పదిలక్షల వంతు కంటెను తక్కువ కాలములో లేచును. లైను కరెంటు అల వలె మెల్లగా లేచి దిగును. ఇది గోడవలె నిట్టనిలువుగా లేచును. తేడా అంతయు ఇచ్చటనే యున్నది.

కేబులు కొసన రెట్టింపగుట

కాలువలో ఒక అల వచ్చి మూసియున్న తూము తలుపును కొట్టినపుడు, నీరు తలుపు వద్ద అల ఎత్తుకు ఇంచుమించు రెండింతలు లేచుట మీరు చూచియే యుందురు. కేబులులో జరుగునదియు నిట్టిదే. కేబులు గుండ వచ్చిన వోల్టేజి అలకు మోటారు తీగచుట్ట మూసిన తలుపు వంటిది. అల అచ్చట తగిలి వెనుకకు మరలును. వచ్చునది, మరలునది కలిసి 560 వోల్టులు 1,100 వోల్టుల వరకు పోవును.

కేబులు కురచయైనచో ఈ బెడద తక్కువ. నేటి వేగమైన ఇన్వర్టర్లకు సుమారు 10 మీటర్లు దాటినంతనే అల పూర్తిగా రెట్టింపు కాగలదు. 300 అడుగుల బోరులో కేబులే 90 మీటర్లు. మహేశ్వరం రైతు పెట్టెను ఇంటి వసారాలో బిగించిరి. అచ్చటి నుండి బోరు వరకు మరియొక 120 మీటర్ల తీగ యున్నది.

ఈ దెబ్బ తీగచుట్ట యంతటిపైన సమముగా పడదు. మొదటి కొన్ని చుట్ల మీదనే ఎక్కువ భాగము పడును. అచ్చట తీగకున్న పూత క్రమముగా చితికి, ఒకనాడు రెండు చుట్లు ఒకదానినొకటి తాకి కాలును.

కాలిన చుట్టను చూచి కారణము తెలిసికొనుట

మోటారును విప్పినపుడు మీరును దగ్గర నుండి చూడవలెను. కాలిన తీరే కారణము చెప్పును.

1. మూడు ఫేజుల చుట్లును సమముగా నల్లబడినచో అది అధిక భారము వలన గాని, లో వోల్టేజి వలన గాని, నీరు లేక వేడెక్కుట వలన గాని కలిగినది.

2. స్టార్ కనెక్షనులో రెండు ఫేజులు కాలి ఒకటి చక్కగా నున్నను, డెల్టాలో ఒకటి కాలి రెండు చక్కగా నున్నను, అది ఒక ఫేజు పోయినప్పుడు నడచుట వలన కలిగినది.

3. చుట్ట యంతయు శుభ్రముగా నుండి, కేబులు కలియు కొస దగ్గర మొదటి చుట్లలో చిన్న మచ్చవలె కాలినచో, వోల్టేజి దెబ్బను అనుమానింపవలెను. మోటారు ఇన్వర్టరు మీద నడచుచున్నచో అనుమానము మరింత బలపడును.

నివారణ మార్గములు

మొదటిది: పెట్టెను బోరుకు సాధ్యమైనంత దగ్గరగా, నీడలో, గాలి తగులునట్లు బిగింపవలెను. కాని బోరులోని కేబులును తగ్గింప వీలుకాదు. కనుక ఇది ఒక్కటే చాలదు.

రెండవది: లోతైన బోరుకు ఇన్వర్టరు వెలువడు వైపున చోకు గాని ఫిల్టరు గాని పెట్టవలెను. నిట్టనిలువు అంచును వాలుగా చేయు ఫిల్టరును దుకాణములలో ‘డీవీ డీటీ ఫిల్టరు’ అందురు. ముక్కలను తిరిగి అల రూపమునకు తెచ్చునది ‘సైను ఫిల్టరు’. నీటితో నిండి, ప్లాస్టికు తొడుగు తీగతో చుట్టిన పాత బోరు మోటార్లకును, మిక్కిలి పొడవైన కేబుళ్లకును సైను ఫిల్టరు శ్రేష్ఠము. దీనిని ఇన్వర్టరు ప్రక్కనే పెట్టవలెను. మోటారు కరెంటుకును కేబులు పొడవుకును సరిపోవునది కొనవలెను.

మూడవది: సెకనుకు జరుగు కోతల సంఖ్యను తగ్గించుట. కార్ఖానా నుండి 8 కిలోహెర్ట్జ్‌కు పెట్టి వచ్చిన దానిని 2 నుండి 4 కిలోహెర్ట్జ్‌కు తగ్గించినచో దెబ్బల సంఖ్య తగ్గును. దెబ్బ ఎత్తు మాత్రము తగ్గదు. మోటారు కొంచెము ఎక్కువగా మ్రోయును, భయపడనక్కరలేదు. ఫిల్టరు పెట్టియున్నచో, ఆ ఫిల్టరుకు చెప్పిన సంఖ్యకు దిగువకు పోరాదు.

నాలుగవది: క్రొత్త మోటారు కొనునపుడు అది ఇన్వర్టరుకు తగినదేనా అని అడిగి, బిల్లు మీద వ్రాయించుకొనవలెను. 600 వోల్టుల లోపు మోటార్లలో ఇన్వర్టరు కొరకే చేసినవి సాధారణ మోటార్ల కంటె పెద్ద దెబ్బను తట్టుకొనవలెనని అమెరికా దేశపు నీమా ప్రమాణము చెప్పుచున్నది. సాధారణ మోటార్లకు అది చెప్పు హద్దు 1,000 వోల్టులే.

కెపాసిటరు విషయమున హెచ్చరిక

వ్యవసాయ మోటార్లకు కెపాసిటరు బిగించుమని మనము ఎన్నో ఏండ్లుగా చెప్పుచున్నాము. లైను మీద స్టార్టరుతో నడుచు మోటారుకు అది మంచిదే. కాని ఇన్వర్టరు పెట్టిన దినమున, మోటారు వద్దనున్న ఆ కెపాసిటరును తప్పక తీసివేయవలెను. ఇన్వర్టరుకును మోటారుకును నడుమ కెపాసిటరు ఉండిన, ప్రతి ముక్కకును అది పెద్ద కరెంటును లాగి, ఇన్వర్టరు లోపలి స్విచ్చులను పేల్చివేయును. ఫిల్టరు లోపల దానికై లెక్కకట్టి పెట్టిన కెపాసిటర్ల సంగతి వేరు. పాత స్టార్టరును కూడ ఈ నడుమ ఉంచి, నడుచుచుండగా ఆపరాదు.

వోల్టేజి, హెర్ట్జ్ పొత్తు

మోటారు పలక మీద 415 వోల్టులు, 50 హెర్ట్జ్ అని యున్నచో హెర్ట్జ్ ఒక్కింటికి 8.3 వోల్టులు పడును. వేగము తగ్గించినపుడు ఈ పొత్తు చెడరాదు.

50 హెర్ట్జ్ వద్ద 415 వోల్టులు
40 హెర్ట్జ్ వద్ద 332 వోల్టులు
30 హెర్ట్జ్ వద్ద 249 వోల్టులు

వోల్టేజి ఇంతకు మించినచో మోటారు ఇనుము వేడెక్కును. తగ్గినచో బలము చాలక తీగ వేడెక్కును. సౌర పంపుల మోటార్లలో 415 కంటె చాల తక్కువ వోల్టులకు చేసినవి కూడ కలవు. కనుక మోటారు పలక మీది అంకెలను చదివి, వానినే పెట్టెలో నమోదు చేయించవలెను.

మరియొక సంగతి. వేగము 50 నుండి 40కి తగ్గినచో పంపు నీటిని ఎత్తగల ఎత్తు నూటికి 64 వంతులకు పడిపోవును. పూర్తి వేగమున 100 మీటర్ల వరకే ఎత్తగల పంపు అపుడు 64 మీటర్లే ఎత్తును. నీరు 70 మీటర్ల లోతున నున్నచో చుక్కయు పైకి రాదు. మోటారు కదలని నీటిలో తిరిగి వేడెక్కును. బోరు మోటారును 30 హెర్ట్జ్‌కు దిగువను నడుపరాదు. మొదలుపెట్టినపుడు కొద్ది సెకనులలోనే 30 దాటునట్లు అమర్చవలెను. అంతకు పైనను నీరు రానిచో వేగము పెంచవలెను.

పెట్టెలో వోల్టేజి మితిమీరుట, చాలకుండుట

పెట్టె అధిక వోల్టేజి అని చూపి ఆగిపోవుటకు సాధారణ కారణములు మూడు.

మోటారును తొందరగా ఆపుట ఒకటి. తిరుగుచున్న మోటారు తానే కరెంటు పుట్టించి పెట్టెలోనికి వెనుకకు త్రోయును. ఆగు కాలమును పెంచినను, లేక కరెంటు తీసి దానంతట అది నిలుచునట్లు అమర్చినను ఇది పోవును. గొట్టములోని నీరు దిగిపోవు వరకు తిరిగి ఆన్ చేయరాదు.

లైను వోల్టేజియే హెచ్చుగా నుండుట రెండవది. రాత్రి భారము తగ్గినపుడు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి చేలలో ఇట్లు జరుగును. లైన్‌మన్‌కు కొలిచి చూపి, ట్రాన్స్‌ఫార్మరు ట్యాపు మార్చుమని కోరవలెను.

మూడవది సౌర పలకలది. పలక చల్లబడిన కొలదియు దాని వోల్టేజి పెరుగును. డిగ్రీకి నూటికి సుమారు 0.3 వంతు. తెరచియున్నపుడు 45 వోల్టులిచ్చు పలకలు 17 వరుసగా కలిపిన, 25 డిగ్రీల వద్ద 765 వోల్టులు. పెట్టె హద్దు 800 అయినచో చాలునని తోచును. కాని ఆదిలాబాదు వైపు చలికాలపు ప్రొద్దున 5 డిగ్రీల వద్ద అదే వరుస 811 వోల్టులిచ్చును. పెట్టె ఆ ఒక్క ఉదయమే చెడిపోవచ్చును. నీరు ఎక్కువ వచ్చునని మీ అంతట మీరు పలకలు చేర్చరాదు.

ఇక లైను చివరి చేలలో వోల్టేజి చాలక పెట్టె ఆగుచుండును. ఒక ఫేజు పోయినపుడు కొన్ని పెట్టెలు మిగిలిన రెండింటి నుండియే లాగి నడచును. అపుడు లోపలి భాగములు వేడెక్కి చెడును. ఫేజు పోయినంతనే ఆగు ఏర్పాటును ఎన్నడును తీసివేయించరాదు.

పరీక్షలో జాగ్రత్తలు

మెయిను ఆపిన వెంటనే పెట్టె తెరువరాదు. కెపాసిటర్లలో 560 వోల్టులు నిలిచియుండును. అది ప్రాణము తీయగలదు. పెట్టె మీద వ్రాసిన కాలము, వ్రాయనిచో కనీసము పది నిమిషములు ఆగి, కొలిచి చూచిన పిదపనే ముట్టవలెను.

మెగ్గరుతో మోటారును పరీక్షించునపుడు కేబులును ఇన్వర్టరు నుండి విప్పవలెను. లేనిచో మెగ్గరు వోల్టేజికి ఇన్వర్టరు చెడును. 500 వోల్టుల మెగ్గరుతో ఒక మెగోము కంటె తక్కువ చూపినచో మోటారును నడుపరాదు. ఇన్వర్టరు వెలువడు వైపున చవుక మీటరు చూపు అంకెలు నమ్మదగినవి కావు. అది కేబులు కొసన లేచు దెబ్బను అసలు చూపజాలదు.

మోటారు ఎర్తు తీగను నేరుగా పెట్టెలోని ఎర్తు బోల్టుకు చేర్చి, అచ్చటి నుండి భూమికి దింపవలెను. గట్టు మీది మోటార్లకు ఎర్తు సరిగా లేనిచో బేరింగుల గుండ కరెంటు పారి, గాడులు పడి, శబ్దము చేయును.

ముగింపు

మహేశ్వరం రైతు మూడవసారి తీగ చుట్టించిన పిదప పెట్టెను బోరు వద్దకు మార్చి, సైను ఫిల్టరు పెట్టించిరి. పాత కెపాసిటరును తీసివేసిరి. అప్పటి నుండి ఆ మోటారు నడచుచున్నది. కాని మోటారు లేని ఆ దినములలో రాలిన పూత తిరిగి రాలేదు. మూడుసార్లు గొట్టములు లాగిన కూలి, చుట్టించిన ఖర్చు కలిపిన, ఫిల్టరు వెల కంటె హెచ్చయ్యెనని ఆయనే లెక్క చూపిరి.

గ్రామాధికారులకును, విస్తరణాధికారులకును ఒక మనవి. మీ ఊరిలో ఇన్వర్టరు మీద నడుచు ప్రతి మోటారుకును కేబులు పొడవు, ఫిల్టరు ఉన్నదా లేదా, ఎన్నిసార్లు కాలినది అను మూడు సంగతులను ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. కాలిన తీగచుట్ట నొకదానిని రైతు వేదికలో ఉంచి, మొదటి చుట్టు వద్దనున్న మచ్చను రైతులకు చూపుడు. రైతు సోదరులారా, మీ మోటారు కాలినచో తీగ చుట్టించుటకు ముందు ఆ మచ్చ ఎచ్చట నున్నదో వెదకుడు.